సాగనంపని అక్క

ఒక మగాడు తన నుదుటి బొట్టు తానే తుడుచుకున్నాడు. జరిగిందంతే. ఎవరూ చావలేదు, ఎవరి ఉద్యోగమూ ఊడలేదు. తవిటయ్య చేసిన తప్పేమిటయ్యా అంటే ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. అయినా ఏళ్ళు గడిచాక కూడా, పొద్దున్నే స్నానం చేసి అద్దం ముందు నిలబడితే చాలు, అతని చెయ్యి నుదుటి దాకా వెళ్ళి ఆగిపోయేది. ఏం పోయిందో అతనికి తెలుసు. అతని పెళ్ళాం అసిరమ్మకి ఇంకా బాగా తెలుసు.

స్టీలు ప్లాంటు కింద పోయిన ఊళ్ళలో తవిటయ్య ఊరొకటి. పొలం పోయినందుకు బదులు అందులోనే ఉద్యోగం వచ్చింది. కన్వేయరు బెల్టుల దగ్గర ఫిట్టరు. గాజువాక అవతల నిర్వాసితుల కాలనీలో రెండు గదుల ఇల్లు, ఒక్కగానొక్క కూతురు. మనిషి బక్కపలచన, మాట తక్కువ. షిఫ్టులో ఇద్దరు కొట్టుకుంటుంటే చేతిలో పానా తుడుచుకుంటూ పక్కకి తప్పుకునే రకం. అలాంటివాడికి పిలిచి గౌరమ్మ వేషం ఇస్తారని కల్లో కూడా అనుకోలేదు.

ఊరు పోయింది గానీ ఊరి సంబరం పోలేదు. కార్తీకం వెళ్ళాక ఏటా కాలనీవాళ్ళు గౌరీపరమేశ్వరుల సంబరం చేసేవారు. బళ్ళ మీద కొన్ని, నేల మీద కొన్ని వేషాలు ఊరేగేవి. అన్నిటికీ ముందు గౌరమ్మ నడవాలి, ఆ వేషం మగాడే కట్టాలి. వేషాలకి పెద్ద అప్పలసూరి అనే ముసలాయన. 1991లో, ఎప్పుడూ గౌరమ్మ కట్టే మనిషికి పచ్చకామెర్లు వచ్చాయి. అప్పలసూరి కాలనీ అంతా తిరిగి మీసం లేని మొహాలు వెతికి, చివరికి తవిటయ్య గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నువ్వే కట్టాలిరా తవిటీ. నీ మొకం మీద రంగు బాగా నిలుత్తాది.”

“నా వల్లెక్కడవుద్ది పెద్దయ్యా. నాకు సిగ్గు.”

“సిగ్గున్నోడికేరా ఈ ఏషం. సిగ్గు లేనోడు కడితే ఎకసెక్కం అయిపోద్ది.”

వేషం ఇస్తూ అప్పలసూరి రెండు కట్టుబాట్లు చెప్పాడు. ఒకటి: నుదుట బొట్టు పడ్డాక ఆ మనిషిని ఎవరూ పేరు పెట్టి గానీ మగ వరసతో గానీ పిలవకూడదు. రెండోది: వేషం కట్టినవాడు తన బొట్టు తాను తుడుచుకోకూడదు. ఇంటి ఆడకూతురి చేత కొబ్బరినూనెతో తుడిపించుకోవాలి. ముందు బుగ్గలు, తరవాత కళ్ళు, ఆఖరున బొట్టు. బొట్టు మీద చెయ్యి వేసే ముందు ఆవిడ ‘ఎల్లిరా’ అని సాగనంపాలి.

“ఏ ముత్తయిదువన్నా తన బొట్టు తాను తుడుసుకుంటాదేటిరా?” అన్నాడు ముసలాయన. “అలాగ తుడుసుకున్నోడికి ఆ తల్లి మరి రాదు.”

సరేనన్నాడు తవిటయ్య. అప్పటికి అవి వేషం తాలూకు చాదస్తాలనే అనుకున్నాడు.

చీర అసిరమ్మదే. ఆకుపచ్చది, ఎర్ర అంచు. ఆవిడే కుచ్చిళ్ళు పెట్టి, బొడ్లో దోపి, పమిట సర్ది, సవరం బిగించి ముడి వేసింది. ఆవిడకి నవ్వాగడం లేదు. తవిటయ్య మాత్రం నవ్వలేదు. పమిట భుజం మీద పడగానే, ఎప్పుడూ బిగపట్టి ఉండే ఆ భుజాలు దిగాయి. కొత్త బేరింగు కొట్టగా కొట్టగా ఒక దెబ్బకి గాడిలో పడి కూర్చుంటుంది చూడండి, అలా ఒళ్ళు కుదుటపడింది. ఇన్నాళ్ళూ అది కుదురుగా లేదన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది. భయం కూడా వేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఊరేగింపు బాగా జరిగింది. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టారు, హారతులిచ్చారు. పొద్దు పొడిచే వేళకి ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడితే, లోపల్నించి అసిరమ్మ వచ్చి చూసి బిత్తరపోయింది. ఎదురుగా తన చీరలో తన మొగుడు. రోజూ పిలిచినట్టు ‘మావా’ అనడానికి లేదు, బొట్టుంది. అమ్మా అనడానికి నోరు రావడం లేదు. ఒక్క క్షణం ఆలోచించి కిసుక్కున నవ్వి, “రా అక్కా, కాళ్ళు కడుక్కో” అంది.

అంత నవ్వులాటగా మొదలైంది అది.

అసిరమ్మకి ముగ్గురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు లేరు. పదిహేనో ఏట కాపురానికి వచ్చిన మనిషి. మొగుడు కొట్టేవాడూ కాదు, తిట్టేవాడూ కాదు, కాని మాట్లాడేవాడూ కాదు. ఏదన్నా చెబితే “ఊఁ” అనేవాడు. ఊఁ అంటే విన్నాడో, వద్దన్నాడో, నిద్రలో ఉన్నాడో ఆ దేవుడికే తెలియాలి. అలాంటి ఇంట్లోకి ఏడాదికొక పొద్దున, ఒక రెండు గంటల పాటు అక్క వచ్చేది. పీట మీద బాసింపట్టు వేసుకు కూర్చుని, చెల్లెలి చేతి టీ తాగుతూ, “ఏటే, ఈ యేడు ఎలాగున్నావు?” అని అడిగేది. గొంతు కూడా మార్చేవాడు కాదు తవిటయ్య. అదే గొంతు, కాకపోతే అందులో తొందర ఉండేది కాదు.

రెండో ఏడు అసిరమ్మ అక్కకి మొగుడి మీద చాడీలు చెప్పింది. “ఏటి సెప్పనక్కా, మా ఆయన సేపల పులుసు బావుంటే బావుందనడు. బావులేకపోతే మట్టుకు సెయ్యి కడిగేసి ఎల్లిపోతాడు.”

“ఆడి నాలిక్కి తుప్పట్టింది. బెల్టుల దగ్గర దుమ్ము తిని తిని అలాగైపోనాడు” అంది అక్క.

“నువ్వైనా సెప్పక్కా ఆడికి.”

“సెప్తాన్లే. నా మాట యింటాడు.”

బుగ్గలకి, కళ్ళకి నూనె రాసి తుడిచి, చివరికి దూదిని బొట్టు దగ్గర పెట్టి అసిరమ్మ “ఎల్లిరా అక్కా, పైయేటికి రా” అంది. బొట్టు పోయింది. తవిటయ్య లేచి లుంగీ కట్టుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, మూకుట్లో చద్ది పులుసు నాకి, “బావుందే” అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

అన్నీ నవ్వుకునే మాటలే కావు. అసిరమ్మ తల్లి పోయినప్పుడు ప్లాంటులో షట్‌డౌన్ పని అని తవిటయ్య వెంటనే వెళ్ళలేదు. మూడో రోజుకి చేరాడు. దింపుడు కళ్ళం దగ్గర, మట్టి దగ్గర, ఏ దగ్గరా అల్లుడు లేడు. అసిరమ్మ అప్పుడు ఒక్క మాట అనలేదు. నాలుగేళ్ళు కడుపులో పెట్టుకుంది. 1996 సంబరం అయ్యాక, కళ్ళ కాటుక తుడుస్తూ తుడుస్తూ చెయ్యి ఆపేసి, “అక్కా, మా యమ్మని మొయ్యడానికి ఆడు రాలేదే” అంది.

అక్క కళ్ళంట నీళ్ళు వచ్చేశాయి. కాటుక చెంపల మీదికి కారింది. “తప్పేనే. పెద్ద తప్పు సేసేడు. ఆ రోజు షిఫ్టు ఇనసార్జిని సెలవడగడానికి ఆడికి ధైర్నం సాల్లేదు. నీకు ఆ మాట సెప్పడానికీ సాల్లేదు. సెమించీయే ఆణ్ణి.”

అసిరమ్మ అక్క ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మర్నాడు తవిటయ్య అడక్కుండానే సెలవు పెట్టి, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని అత్తవారి ఊరు వెళ్ళి, అత్త సమాధి దగ్గర కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. మొగుడిగా అనలేకపోయిన మాట అక్కగా అనేశాడు. చీర కట్టుకుంటే ఆ మాటకి దారి దొరికింది, అంతే.

అక్కణ్ణించి బొట్టు ఉండే సమయం పెరుగుతూ వచ్చింది. మొదట్లో రెండు గంటలు. తరవాత మధ్యాహ్నం భోజనం దాకా. ఆ రోజుకి ముందే సెలవు పెట్టుకునేవాడు. చీరతోనే కూర తరిగేవాడు, బియ్యంలో రాళ్ళు ఏరేవాడు. అసిరమ్మ ఎప్పుడూ తొందరపెట్టలేదు. నూనె గిన్నె గూట్లో సిద్ధంగా ఉండేది, అక్క అడిగినప్పుడే తీసేది. కూతురు పెళ్ళై గోపాలపట్నం వెళ్ళిపోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైంది. ఏడాదిలో ఆ ఒక్క రోజు కోసం ఇద్దరూ ఎదురుచూసేవారు, పైకి అనుకునేవారు కారు గానీ.

షిఫ్టులో వాళ్ళు ఆటపట్టించకపోలేదు. క్రేను నడిపే శ్రీనివాసరావు అందరికన్నా ముందుండేవాడు. “బావా, గౌరమ్మ దయ వల్ల ఇయ్యాల బెల్టు తెగకుండా సూడు” అనేవాడు. తవిటయ్య నవ్వి ఊరుకునేవాడు. అందులో కుళ్ళు లేదు. సంబరానికి వచ్చి కాళ్ళకి దండం పెట్టేవాడు కూడా ఆ శ్రీనివాసరావే.

అలా 2002 దాకా నడిచింది. ఆ ఏడు సంబరానికి హిమబిందు వచ్చింది.

హిమబిందు తవిటయ్య కూతురి పక్కింటి పిల్ల. యూనివర్సిటీలో నాటకాల గురించి చదువుతోంది. సినిమా అంటే కథ, పాట, ఫైటు ఉండాలని నమ్మే మనిషి కాదు. ఎవరిదో చిన్న వీడియో కెమెరా అరువు తెచ్చుకుంది. ఊరేగింపు అంతా తీసి, ఇంటికి వెంట వచ్చి, అసిరమ్మ నూనె గిన్నె తీస్తుంటే, “పిన్నీ, నాకు ఊరేగింపు కాదు, ఇది కావాలి” అంది. “మొహం తుడవడం ఒక్కటే. వేరే ఏమీ ఉండదు. పదకొండు నిమిషాల సినిమా.”

“మొకం తుడిత్తే సినిమా ఏటే గుంటా? ఎవలు సూత్తారు?” అని నవ్వింది అసిరమ్మ.

“నేను చూస్తాను పిన్నీ. ముందు అది చాలు.”

కెమెరా అద్దం పక్కన పెట్టింది. తవిటయ్య మొహం, అసిరమ్మ చెయ్యి, ఆ రెండే కనబడతాయి. హిమబిందు నోరెత్తలేదు. ఇలా చెయ్యి, అలా చూడు అని ఒక్క ముక్క చెప్పలేదు. అసిరమ్మ ఎప్పటిలాగే ఎడమ బుగ్గ తుడిచింది, కుడి బుగ్గ తుడిచింది. తెల్లరంగు కింద నించి తవిటయ్య చామనఛాయ బయటపడింది. కళ్ళు తుడిచింది. బొట్టు ఒక్కటే మిగిలింది. “ఎల్లిరా అక్కా...” అంటూ దూది పైకెత్తింది. అప్పుడు తవిటయ్య ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

“ఉండనీయే” అన్నాడు. “ఇంకాసేపుండనీ.”

అసిరమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

“బొట్టు తుడిసేత్తే తవిటయ్య వచ్చేత్తాడని అందరూ అనుకుంటారు. ఒక్కోపాలి ఆ తవిటయ్యే నాకు ఏషం లాగుంటాడే. మరైతే ఆడు అబద్దమా అంటే కాదు. ఆడూ నానే, ఈవిడా నానే. రెండూ నానే.”

ఇది ఎవరూ రాసిచ్చిన మాట కాదు. యాభై ఏళ్ళు దాటిన మనిషి కడుపులోంచి ఆ పూట దానంతట అదే వచ్చింది. అసిరమ్మ మెల్లిగా చెయ్యి విడిపించుకుని, దూది గిన్నెలో పడేసి, అక్క నెత్తిన చెయ్యి వేసి నిమిరింది. “నాకు ముందే తెలుసక్కా” అంది. ఆ మాట కూడా కెమెరాలో పడింది. హిమబిందు కళ్ళు తుడుచుకుంటూ మీట నొక్కి ఆపింది.

ఆ రోజు బొట్టు సాయంత్రం దీపాలు పెట్టే దాకా ఉంది.

మరుసటి ఏడు ఏప్రిల్లో, పూర్ణా మార్కెట్ దగ్గర పాత ఊళ్ళో ఒక హాలు తీసుకుని ఆ సినిమా వేశారు. హిమబిందు ఒక ఏర్పాటు చేసింది. సినిమాలో బొట్టు మిగిలిపోతుంది కదా, తెర మీద అది అయిపోగానే దీపాలు వెలుగుతాయి, అదే చీరలో, అదే బొట్టుతో తవిటయ్య తెర పక్క నించి వేదిక మీదికి వస్తాడు. ముందు వరసలో కూర్చున్న అసిరమ్మ లేచి పైకి వెళ్ళి, అందరి ఎదురుగా బొట్టు తుడిచి “ఎల్లిరా అక్కా” అని సాగనంపుతుంది. సినిమాలో మిగిలింది మనుషులెదుట పూర్తవుతుంది. అసిరమ్మ మొదట సిగ్గుపడింది. తరవాత ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, వారం రోజులు దాని గురించే ఆలోచించింది. కొత్త చీర కట్టింది. స్టీలు డబ్బాలో కొబ్బరినూనె పోసి, చిన్న దూది ఉండ వేసి, గుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన అక్కని నలుగురూ చూస్తారని ఆవిడకి గర్వం.

హాల్లో నూటయాభై మంది. సగం మంది స్టూడెంట్లు. వెనక రెండు వరసలు తవిటయ్య షిఫ్టువాళ్ళు, వ్యాను కట్టించుకుని వచ్చారు. మనవాడు సినిమాలో ఉన్నాడంటే ఎవరు రారు? సినిమా నడిచినంతసేపూ హాలు కిక్కురుమనలేదు. ‘రెండూ నానే’ అన్న మాటకి ముందు వరసలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. దీపాలు వెలిగాయి. తవిటయ్య పూర్ణా మార్కెట్లో ఆ పొద్దున్నే కొన్న కొత్త గాజులు గలగలమంటుండగా వేదిక మీదికి వచ్చి నిలబడ్డాడు. చప్పట్లు మోగాయి. అసిరమ్మ డబ్బా మూత తీస్తూ కుర్చీలోంచి సగం లేచింది, తవిటయ్య అటే చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు వెనక నించి శ్రీనివాసరావు గొంతు వినిపించింది.

“బావా! రెండూ నానే అన్నావు బావుంది. మరి రేపు బి-షిఫ్టుకి ఎవలొత్తారు? నువ్వా, గౌరమ్మా?”

వెనక వరసలు గొల్లుమన్నాయి. అది ద్వేషంతో అన్న మాట కాదు. రోజూ ఆడే ఎకసెక్కమే, కాస్త పెద్ద గొంతుతో. ఆ మాటకి తవిటయ్య కూడా నవ్వి ఊరుకుంటే అయిపోయేది. లేదా “ఇద్దరం వత్తాం రా, రెండు జీతాలియ్యండి” అంటే హాలంతా ఈలలేసేది. కాని తవిటయ్య చెవులకి ఆ నవ్వు వేరేలా వినిపించింది. ఇన్నేళ్ళూ తాను దాచుకున్నది అందరికీ కనబడిపోయిందని, ఇక రేపటి నించి షిఫ్టులో తనకి మిగిలేది ఈ నవ్వేనని అనిపించింది. ఒట్టి పిరికితనం. అంత పెద్ద మాట కెమెరా ముందు అన్న మనిషికి, ఇంత చిన్న మాటకి జవాబు దొరకలేదు.

అందరికన్నా గట్టిగా తానే నవ్వాడు. “ఓరెహె! ఏషం ఏషమే గదేటి బావా! ఈ గుంట సెప్పమంటే సెప్పేను, నాకేటి తెలుసు ఈ సినిమాలు! సూడు, ఇంతే!”

అని, చీర పమిట చెంగు తీసి, నుదుటి బొట్టు తానే బరబరా తుడిచేసుకున్నాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. షిఫ్టువాళ్ళు ఈలలేశారు. తెర పక్కన నిలబడ్డ హిమబిందు మొహం పాలిపోయింది. అసిరమ్మ సగం లేచి నిలబడ్డది అలాగే కాసేపు ఉండి, తరవాత మెల్లిగా కూర్చుని డబ్బా మూత పెట్టేసింది. మూత సరిగా పడక రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. తవిటయ్య అది చూశాడు. చూసి కూడా నవ్వుతూనే ఉన్నాడు, ఎందుకంటే నవ్వడం ఆపడం ఎలాగో అతనికి తెలియలేదు.

లోపల చీర విప్పుకుని చొక్కా తొడుక్కుంటుంటే హిమబిందు వచ్చింది.

“ఆ మాట నేను చెప్పమన్నానా బాబాయ్?”

తవిటయ్య బొత్తాలు పెట్టుకుంటూ తలెత్తలేదు. “ఏదో నోరు జారిందమ్మా.”

“చెప్పకుండా ఊరుకున్నా నాకేం అనిపించేది కాదు. మీరు ఎంతవరకు చెప్పగలిగితే అంతే. కాని నామీద పెట్టేశారు.” ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “ఆ చివరి నిమిషం తీసేస్తాను. మీరు కాదన్నది నేను ఉందని చూపించకూడదు కదా.”

“తియ్యకమ్మా” అనాలనుకున్నాడు. అనలేదు.

బస్సులో అసిరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బొట్టు కింద మైనం ఉంటుంది, నూనె లేకుండా తుడిస్తే పోదు. తవిటయ్య నుదురంతా ఎర్రగా పులుముకుపోయి ఉంది. ఎదుటి సీట్లో ఎవరో చిన్నపిల్ల చూసి నవ్వుతోంది. అసిరమ్మ గుడ్డ విప్పి డబ్బా అతని చేతికిచ్చింది. “తుడుసుకో మావా” అంది. తుడవలేదు, తుడుచుకోమంది. స్టీలు ప్లాంటు గేటు దగ్గర దిగే దాకా డబ్బా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

శ్రీనివాసరావు మర్నాడు బి-షిఫ్టులో, “నిన్న అదరగొట్టేసేవు బావా” అని భుజం తట్టాడు. ఆ తరవాత ఆ సంగతే మర్చిపోయాడు. ఎవరి నవ్వుకి భయపడి ఇంత పని చేశాడో ఆ మనిషికి ఒక వారంలో అది గుర్తే లేదు! దీనికేమంటారు? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా.

అప్పలసూరి ఆ ఏడే వేసవిలో పోయాడు. పోయే ముందు తవిటయ్య వెళ్ళి మంచం పక్కన కూర్చుని జరిగింది చెప్పాడు. ముసలాయన కోప్పడలేదు. “ఒరే, కట్టుబాటు గౌరమ్మకని కాదురా పెట్టింది. ఏషం ఇప్పేటప్పుడు మనిసికి తోడొకలుండాలని పెట్టేరు. ఆ తోడుని ఒగ్గీసేవు” అన్నాడు. తరవాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ సంవత్సరం సంబరానికి కూడా తవిటయ్యే గౌరమ్మ కట్టాడు. కాలనీవాళ్ళకి ఏమీ తేడా తెలియలేదు. హారతులు అవే, చంటిపిల్లలు వాళ్ళే. కాని తెల్లారి ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడితే అసిరమ్మ లోపల్నించి, “వచ్చేవా మావా, నీళ్ళు తోడేను” అంది.

బొట్టుంది. ఉన్నా మావా అంది. పీట మీద కూర్చున్నాడు. అసిరమ్మ నూనె తెచ్చి ఎప్పటిలాగే తుడిచింది, బుగ్గలు, కళ్ళు, బొట్టు. మధ్యలో ఒక్క మాట లేదు. పులుసు గురించి లేదు, మొగుడి మీద చాడీ లేదు. ఆ ఏడు కూతురికి నెల తప్పి, కడుపు పోయింది. ఆ దుఃఖం అసిరమ్మ ఎవరికి చెప్పుకుందో తవిటయ్యకి ఈనాటికీ తెలియదు. తనకి చెప్పలేదు. తనకి చెబితే తాను “ఊఁ” అని ఉండేవాడు.

పైఏడూ అంతే. ఆ పైఏడూ అంతే. 2006లో ఇక తన వల్ల కాదని వేషం మానేశాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. కాలనీవాళ్ళు నమ్మారు.

హిమబిందు చదువు అయ్యాక హైదరాబాదులో టీవీ ఉద్యోగానికి వెళ్ళింది. 2008లో కూతురి ఇంటికి ఒక కవరు పంపింది. అందులో ఒక సీడీ ఉంది. సినిమా అదే, పది నిమిషాలది. కూతురి ఇంట్లో వేసి చూశారు. బుగ్గలు తుడిచింది, కళ్ళు తుడిచింది, “ఎల్లిరా అక్కా” అని దూది ఎత్తింది, అయిపోయింది. పట్టుకున్న మణికట్టు లేదు. ‘రెండూ నానే’ లేదు. ‘నాకు ముందే తెలుసక్కా’ కూడా లేదు. తవిటయ్య మాట తీసేస్తే అసిరమ్మ మాట కూడా పోతుందని ఆ రోజు అతను ఆలోచించనే లేదు. అసిరమ్మ తెర వంక చూస్తూ, “నా సెయ్యి బాగా పడింది” అంది. అంతే అంది.

మర్నాడు ఆదివారం. అసిరమ్మ వీధిలో చేపలు కొనడానికి వెళ్ళింది. తవిటయ్య అటక మీది పెట్టె దించి, ఆకుపచ్చ చీర తీశాడు. ఎర్ర అంచు మడతల దగ్గర చివికిపోయింది. తానే కుచ్చిళ్ళు పెట్టుకున్నాడు, సరిగా కుదరలేదు. రంగు పూసుకోలేదు, సవరం పెట్టుకోలేదు. నెరిసిన క్రాఫుతో, ఆ చీరతో, నుదుట బొట్టు ఒక్కటి పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. సంబరం కాదు, ఊరేగింపు కాదు. అతను మొట్టమొదటిసారి ఏ పండగా లేకుండా కట్టుకున్న చీర అది.

అసిరమ్మ చేపల సంచీతో వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆవిడ నవ్వలేదు. కోప్పడలేదు.

“ఏటి మావా ఇది?”

“ఏటీ లేదే.” తవిటయ్య కుచ్చిళ్ళు సర్దుకున్నాడు. “ఒక్కపాలి అక్కా అని పిలవ్వే.”

అసిరమ్మ సంచీ కింద పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఆ మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి కూడా. తరవాత తల అడ్డంగా ఊపింది.

“పిలుద్దునే... నోరు రాటం లేదు మావా. అంతమంది ముందు నువ్వే సెప్పేవు గదేటి, అక్క లేదు, అదంతా ఏషమని. నా ఒళ్ళో నూనె డబ్బా ఉంది అప్పుడు. నాను లేచి నిలబడ్డాను కూడాను. నువ్వు సూసేవు. సూసి తుడుసుకున్నావు.”

“తప్పయిపోయిందే. సెమించీ.”

“నిన్ను సెమించేసి శానా రోజులైంది.” అసిరమ్మ పమిటతో కళ్ళొత్తుకుంది. “నీ మీద కోపం ఉంటే ఎవలికి సెప్పుకునేదాన్ని? అక్కకే సెప్పుకునేదాన్ని. నాకున్నది అదొక్కత్తే గదా మావా.”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ పీట మీద కూర్చున్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. బయట ప్లాంటు సైరను మోగింది.

అసిరమ్మ లేచి గూట్లోంచి నూనె గిన్నె తీసింది. దూది ముంచి ఎదురుగా కూర్చుని, ఎడమచేత్తో అతని గడ్డం పట్టుకుని మొహం వెలుతురువైపు తిప్పింది. దూది నుదుటి దగ్గరికి వచ్చింది. తవిటయ్య కళ్ళు మూసుకుని ఆ రెండు మాటల కోసం ఎదురుచూశాడు. ఎల్లిరా అంటే చాలు, పోయింది మళ్ళీ వస్తుందని అర్థం.

చల్లగా నూనె తగిలింది. బొట్టు పోయింది. అసిరమ్మ అతని నుదురు పమిట చెంగుతో శుభ్రంగా ఒత్తి, గిన్నె పక్కన పెట్టి లేచింది.

“సీర మార్చుకుని రా మావా. సేపలు తోమాల, నీళ్ళు పొయ్యి.”